చెప్పలేదని కూడా చెప్పకూడదు

క్లినికల్ సైకాలజీ పీజీ రెండో ఏడాదిలో నన్ను ఒక ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో వేశారు. బాగ్‌బేరాలోని మా ఇంటి నుంచి రెండు ఆటోలు మారి వెళ్లేదాన్ని. పేషెంట్లతో హిందీలో మాట్లాడడం, మాట్లాడింది రాసుకోవడం, రాసుకున్నది సూపర్‌వైజర్ మేడమ్‌కి చూపించి చీవాట్లు తినడం, అదే పని.

ఆ మంగళవారం నా ముందు కూర్చున్నాయనకు నలభై ఆరేళ్లు. గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. గుండెదడ అని డాక్టర్ దగ్గరికి వెళ్తే, గుండెలో ఏమీ లేదని మా వైపు పంపారు. నేను హిందీలో ఏది అడిగినా "సబ్ ఠీక్ హై మేడమ్" అనే అంటున్నారు. మధ్యలో అమ్మ ఫోన్ చేసింది. ఆపడం మర్చిపోయినందుకు సిగ్గుపడుతూ, "తర్వాత మాట్లాడతానమ్మా" అని పెట్టేశాను.

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"తెలుగోలమ్మాయివా?"

"అవును బాబాయ్."

బాబాయ్ అన్న మాట నాకు తెలియకుండానే వచ్చేసింది. ఇక ఆయన ఆగలేదు.

"క్యాబిన్‌కి నలబై మెట్ల నిచ్చెనమ్మా. ఇరవై రెండేళ్లు ఎక్కినాను. ఇప్పుడు పదకొండో మెట్టు కాడికొచ్చీసరికి సెయ్యి రాడ్డుని వదల్దు. నాను వదలమంటాను, అది వదల్దు."

అయిదు నెలల కిందట ఆయన క్రేన్ గొలుసు తెగి, ఇనుప దిమ్మ నేల మీద పడింది. ఒక మనిషి అక్కణ్ణుంచి అప్పుడే నడిచి వెళ్లాడు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

"అదేనమ్మా నా కర్మ. ఎవలికైనా ఏటైనా అయ్యుంటే, నాను బయపడ్డానంటే ఒప్పుకుందురు. ఏటీ అవనేదు గదా, మరేటి బయం అంతారు."

ఫ్యాక్టరీలో మోకాళ్ల నొప్పులని చెప్పి కింద పనులు చేస్తున్నారు. ఇంట్లో బీపీ చూపించుకోవడానికని చెప్పి మా దగ్గరికి వస్తున్నారు. భార్యకు తెలియకూడదు, అదొక్కటే అడిగారు. తెలియదని మాటిచ్చాను. ఈ గదిలో విన్నది నన్నూ మా మేడమ్‌నీ దాటదు, అసలు మీరు వచ్చారన్న సంగతి కూడా బయట ఎవరికీ చెప్పను అన్నాను. మొదటి సెమిస్టర్‌లోనే నేర్పిన వాక్యం అది. అంతకు ముందు ఎన్నోసార్లు హిందీలో చెప్పాను. తెలుగులో చెప్పడం అదే మొదలు. ఎందుకో ఎక్కువ బరువుగా తోచింది.

మేడమ్ నా నోట్సు చదివి, ఆ బాబాయ్ అంటే ఏమిటని అడిగారు. నాన్న తమ్ముణ్ణి అలా పిలుస్తామన్నాను. "అయితే మొదటి రోజే చుట్టరికం కలిపేశావన్నమాట. జాగ్రత్త" అన్నారు.

ఆ జాగ్రత్త ఎందుకో మూడో వారం తెలిసింది. ఆయన భార్య మా అమ్మ వెళ్లే బుధవారం స్త్రీల ప్రార్థనలో కొత్తగా చేరింది. వాళ్లు సిద్ధగోరాలో ఉంటారు, ఈమధ్యే మా అమ్మానాన్నలు వెళ్లే తెలుగు చర్చికి మారారు. మేడమ్‌తో చెప్పాను. ఈ కేసు ఇంకెవరికైనా ఇవ్వాలి, కానీ తెలుగు వచ్చినవాళ్లు ఇక్కడ లేరు, ఆయన్నే అడుగు అన్నారు. అడిగాను.

"నీ నోటి మీద నాకు నమ్మకముందమ్మా" అన్నారాయన.

ఆస్పత్రి వెనక నీళ్ల ట్యాంకుకు ఇనుప నిచ్చెన ఉంది. అనుమతి తీసుకుని అయిదో వారం నుంచి అక్కడే సాధన మొదలుపెట్టాం. ఒక్కో మెట్టూ ఎక్కడం, భయం తగ్గేదాకా అక్కడే నిలబడడం, దిగడం. నేను కింద నిలబడి మాట్లాడుతూ ఉండేదాన్ని. ఏడో వారం ఆయన పద్నాలుగో మెట్టు మీద నిలబడి ఒక చెయ్యి వదిలి నాకు ఊపారు. మేడమ్ కిటికీలోంచి చూశారట. ఇంకో నాలుగు వారాలు చాలు అన్నారు.

ఆ మర్నాడు ప్రార్థన మా ఇంట్లో. నాకు సెలవు. పదిహేను మంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో టీ కప్పుల పళ్లెం పట్టుకుని, ఆమెన్ కోసం ఎదురుచూస్తున్నాను. చర్చిలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ కళ్లు మూసుకుని ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తోంది. ఒకరి కూతురి కానుపు, ఒకరి షుగరు. తర్వాత ఆ క్రేన్ ఆపరేటర్ భార్య వైపు చెయ్యి చాచింది.

"తండ్రీ, ఈ బిడ్డ పెనిమిటి పిచ్చాసుపత్రి సుట్టూ తిరుగుతున్నాడు ప్రభువా. ఆడి బుర్రని బాగుసెయ్యి తండ్రీ."

చాప మీద అందరి కళ్లూ తెరుచుకున్నాయి. ఆయన భార్య కళ్లు కూడా. పెద్దమ్మ వైపు చూడకుండా, తిన్నగా నా వైపు చూసింది. నేను ఏ ఆస్పత్రిలో పనిచేస్తున్నానో, ఏం చదువుతున్నానో అక్కడున్న అందరికీ తెలుసు. మా అమ్మే గొప్పగా చెప్పుకుంది. ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. ఆమెన్ కోసం ఆగకుండా కప్పులు అందించడం మొదలుపెట్టాను.

పెద్దమ్మకి ఎలా తెలిసిందో నాకు ఈరోజుకీ తెలియదు. మోకాళ్ల కోసం ఆవిడా అదే ఆస్పత్రికి వస్తుంది, ఓపీ క్యూలో చూసి ఉంటుందని నా ఊహ. ఊహ ఎవరికి చెప్పను?

అందరూ వెళ్లాక అమ్మ తలుపేసింది.

"నీవేనా సెప్పింది?"

"నేను ఎవరి గురించీ ఏమీ చెప్పలేదమ్మా."

"అయితే ఆ మాటే ఆల్లందరికీ సెప్తాను. మా పిల్ల సెప్పలేదని."

"వద్దు."

"ఏటి వద్దు? నీ మీద నిందేత్తన్నారు!"

"నేను చెప్పలేదు అన్నా ఆయన వచ్చారని ఒప్పుకున్నట్టే అవుతుందమ్మా."

అమ్మ "ఇదేం సదువే" అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి మంగళవారం ఆయన రాలేదు. ఆయన బదులు భార్య వచ్చింది. వరండాలో అందరి ముందూ నిలబడి అడిగింది.

"మా ఆయన ఇక్కడికి వత్తన్నాడా?"

"పిన్నీ, ఇక్కడికి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో నేను చెప్పకూడదు."

"పార్దనలో సెప్పుకోవచ్చు గానీ, కట్టుకున్నదానికి సెప్పకూడదా?"

 లోపలికి రండి, మేడమ్‌తో మాట్లాడండి అన్నాను. రాలేదు. "ఏటైందో ఆయన్నడిగితే గోడకేసి తిరిగి పడుకున్నాడు. నాను ఎవర్నడగాలమ్మా?" అంది. కోపంగా వచ్చిన మనిషి ఆ మాట దగ్గర ఏడ్చేసింది. భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. ఆవిడ వెనక్కి జరిగింది.

విభాగం ఫోన్ నుంచి మేడమ్ మూడుసార్లు చేశారు. మూడుసార్లూ ఆయన హిందీలో "మై ఠీక్ హూ" అని పెట్టేశారు. నేనే వాళ్లింటికి వెళ్లి మాట్లాడతానన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. "రావడం మానే హక్కు ఆయనకుంది. నువ్వెళ్లి తలుపు కొడితే వీధంతా చూస్తుంది" అన్నారు. అది నిజం. నిజమని తెలిసినా రెండుసార్లు సిద్ధగోరా ఆటో ఎక్కాను. రెండుసార్లూ వాళ్ల వీధి మొదట్లో దిగి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేశాను.

నెల తిరక్కుండా ఒక ఆదివారం అమ్మ చర్చి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఒలమ్మా, తెలుసా? ఆ సిద్ధగోరా ఆయన, ఫ్యాక్టరీలో అందరూ పిచ్చోడంతన్నారని, నానెక్కుతానని పంతానికి నిచ్చెనెక్కేసినాడంట. సగంలో రాడ్డట్టుకుని ఉండిపోనాడంట. గంటసేపు! కిందనందరూ గుమిగూడిపోనారంట. ఇద్దరెక్కి ఏళ్లు ఒక్కోటీ ఊడదీసి దించినారంట."

నేను అన్నం కలుపుకుంటున్నాను. ఏ మెట్టు దగ్గర అని నోటిదాకా వచ్చింది. మొదటిసారి వింటున్న మనిషిలా "అయ్యో" అన్నాను. అమ్మ నా ముఖం చూసి, మిగతాది చెప్పడం మానేసింది.

ఆయన్ని క్రేన్ నుంచి తీసేసి, సామాన్ల స్టోర్‌లో కూర్చోబెట్టారు. నా కేసు ఫైల్లో "ఏడు సెషన్ల తర్వాత రావడం మానుకున్నారు" అని రాశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, చికిత్స ఎందుకు ఆగిపోయిందని అడిగారు. రహస్యం బయటపడింది సర్, మా వైపు నుంచి కాదు అన్నాను. దాన్నెలా రుజువు చేస్తావన్నారు. చెయ్యలేనన్నాను. ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. మంచి మార్కులే వచ్చాయి.

బయట పేషెంట్ కనిపిస్తే ముందుగా మనం పలకరించకూడదు, అదీ నేర్పిన నియమమే. మొన్న వర్షంలో స్టేషన్ దగ్గర షేర్ ఆటో ఎక్కితే, ఎదురు సీట్లో ఆయన. మోకాళ్లు తగిలేంత దగ్గర. తలకి తువ్వాలు చుట్టుకున్నారు, గడ్డం నెరిసింది. ఆయన పలకరిస్తారేమోనని చూశాను. వంతెన దాటాక అడిగారు, "మీ నాన్న బాగున్నారా?"

"బాగున్నారు."

బాబాయ్ అనలేకపోయాను.  వాన ఇంకా కురుస్తూనే ఉంది, అయినా ఆయన తర్వాతి మలుపులోనే ఆటో ఆపించుకుని దిగిపోయారు.