విడవని పట్టు

పోయిన ఏడాది శివరాత్రి మరునాడు, సాయంత్రం అయిదుంపావుకు, పాన్‌గల్ దగ్గర మా ఊరి జాతరలో కుస్తీ మొదలైంది. నా మనవడు మల్లేశు నాలుగేళ్లుగా జిల్లా ఛాంపియన్. ఆ వేసవిలో రాష్ట్రం తరఫున ఆడాల్సినవాడు. జాతర కుస్తీ వద్దురా అన్నాను.

"ఊరోళ్లు పిలిస్తే ఎట్ల కాదంట అవ్వా? నువ్వు ఎప్పటిలెక్క కండ్లు మూసుకోకు, జర తెరిచి సూడు" అని నవ్వాడు.

అందుకే చూశాను. మానవపాడు పిల్లవాడొకడు మల్లేశు రెండు కాళ్లూ పట్టి ఎత్తి పడేశాడు. మరుక్షణమే బెదిరినట్టుగా చేతులు రెండూ పైకెత్తాడు. గెలిచానని చూపిస్తున్నాడనుకుని జనం ఈలలు వేశారు, డప్పులు మోగించారు.

మల్లేశు లేవలేదు. నేను గోదాలోకి దిగి వాడి పక్కన కూర్చున్నాను.

"అవ్వా, నా కాళ్లు ఇడ్వమను. ఓడిపోయిన అంటున్న గద, ఇంకెందుకు పట్టుకున్నడు?"

ఆ పిల్లవాడు ఎత్తిన చేతులు దించకుండానే ఏడ్చాడు. "నేనెప్పుడో ఇడ్సిన అవ్వా! సూడు, నా చేతులు గీడనే ఉన్నయి."

నేను మల్లేశు మోకాళ్ల మీద చెయ్యి వేసి, "ఇడ్సిండు బిడ్డా" అన్నాను.

"ఇడ్వలే అవ్వా" అన్నాడు.

వెన్నుపూస విరిగిందని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. నాకు డెబ్భై నాలుగేళ్లు. చాలా చావులు చూశాను, కానీ గోదాలో వాడన్న ఆ రెండు మాటలు విన్నప్పుడు వేసినంత భయం మరెప్పుడూ వేయలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పోయినవి రెండు కాళ్లు, ఒక ఆట. మానవపాడు పిల్లవాడు మళ్లీ గోదాలో దిగలేదట. అదీ కలిపితే రెండు ఆటలు.