పికప్ డోరు తెరిచిందెవరు?

దయ్యాల ముచ్చట ఎత్తేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద ముప్పై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపినవాణ్ని. ఫలానా మలుపు దగ్గర బండి దానంతటదే ఆగిపోయిందని డ్రైవర్లు వణుకుతూ వచ్చేవాళ్లు. బానెట్ ఎత్తి, తెగిన ఫ్యాన్ బెల్టు తీసి చేతిలో పెట్టి, ఇదిగో నీ దయ్యం, ఇంటికి తీసుకుపో అనేవాణ్ని. ఇప్పుడు చెప్పేది నాకే జరిగింది కాబట్టి చెబుతున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ఎనభైల మొదట్లో సంగతి. మా నాయినకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మతి మాత్రం చక్కగా ఉండేది, ఎడమ చెయ్యి ఆడేది. నెలకోసారి సర్కారు దవాఖానలో చూపించి, మళ్లీ న్యాల్‌కల్ అవతల మా ఊళ్లో దింపేవాణ్ని. గ్లాసుతో నీళ్లు పోస్తే ఆయనకు పొలమారేది. తువ్వాలు తడిపి, పెదవుల మీద కొంచెం కొంచెంగా పిండుతూ మింగించాలి. ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గితే మనిషి దక్కడని డాక్టర్ గట్టిగానే చెప్పాడు.

ఇక నా పికప్ సంగతి. అది అప్పటికే ముసలిది, రేడియేటర్ కారేది. ఆ రోజుల్లో మేమందరం కారే రేడియేటర్‌లో పిడికెడు పసుపు పోసేవాళ్లం. కన్నం పూడిపోయి బండి నాలుగు రోజులు నడిచేది. ఆలోగా విప్పి, కన్నం అతికేలా సీసంతో టాంకా వేయించాలి. ఊరందరికీ ఈ బుద్ధులు చెప్పేవాణ్ని, నా బండికి మాత్రం మూడుసార్లు పసుపు పోసి ఊరుకున్నాను. నా బద్ధకానికి ఏమనాలి!

ఆ రోజు దవాఖానలో లైను పెద్దగా ఉండి, బయటపడేసరికి మధ్యాహ్నమైంది. మే నెల. న్యాల్‌కల్ దారిలో సగం దూరం పోయామో లేదో, ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. దిగి చూశాను. బెల్టు బిగువుగానే ఉంది. పై పైపు ముట్టుకుంటే కాలింది, కింది పైపు గోరువెచ్చగా ఉంది. అంటే వేడినీళ్లు రేడియేటర్‌లోంచి దిగట్లేదు. నేను పోసిన పసుపే లోపలి సన్న గొట్టాలన్నీ మూసేసిందని అర్థమైంది. కింది పైపు ఊడదీసి కడిగితే ఇల్లు చేరొచ్చు. క్యాన్‌లో సగం నీళ్లున్నాయి.

నాయినకు నీళ్లు పట్టి, తువ్వాలు ఒళ్లో పెట్టాను. ఆయన వైపు కిటికీ అద్దం ఇరుక్కుపోయి రెండు వేళ్ల సందు మాత్రమే ఉండేది. డోరు తెరిచి ఉంచితే పక్కకు ఒరిగి పడిపోతాడు. అందుకని మూసేశాను.

"పావుగంట నాయినా, ఫికర్ చెయ్యకు. ఇప్పుడే వస్త" అన్నాను.

ఇంజిన్ కాస్త చల్లారాక, క్యాన్ బంపర్ ముందు పెట్టుకుని, జాకీ ఎత్తి కిందికి దూరాను. నెర్రెలిచ్చి కుంగే నల్లరేగడి నేల అని తెలిసి కూడా జాకీ కింద చెక్క పెట్టలేదు. పైపు బిగింపు మీద చెయ్యి వేశానో లేదో, జాకీ ఒరిగి బండి దిగిపోయింది. చక్రం ఒక రాయి మీద ఆగింది కాబట్టి బతికాను. బండి అడుగున ఉండే అడ్డ కడ్డీ వచ్చి సరిగ్గా ఛాతీ మీద కూర్చుంది, ఎడమ చెయ్యి నలిగింది. సగం ఊపిరి అందుతోంది, అరవడానికి చాలదు. క్యాన్ బోర్లాపడి, నా కళ్లముందే నీళ్లన్నీ నెర్రెల్లోకి ఇంకిపోయాయి.

ఆ ఎండలో దారిన పిట్ట కూడా పోలేదు. పైన నాయిన ఎడమ చేత్తో డోరు మీద కొడుతున్నాడు. నన్ను పిలుస్తున్నాడు. ఆయనకూ నాకూ మధ్య ఒక రేకు, అంతే. కాసేపటికి చప్పుడు పలచబడింది. తర్వాత ఆగిపోయింది. నా చావు గురించి ఏమీ అనిపించలేదు కానీ, ఆయన అలా ఉడికి పోతాడని ఏడ్చాను.

అప్పుడు కడ్డీ నా ఛాతీ మీద ఇంకాస్త బరువుగా దిగింది. మెకానిక్‌ని, నాకు తెలుసు. ఫుట్‌బోర్డు మీద మనిషి కాలు పెడితేనే చక్రాల మీది కమాన్ పట్టీల స్ప్రింగులు అలా కుంగుతాయి. వెంటనే డోరు చప్పుడు. ఆ డోరు బందులు జారి ఉండేవి. హ్యాండిల్ నొక్కి, డోరును పైకి ఎత్తి లాగితేనే వచ్చేది. అలా ఎత్తినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు నేను విన్నాను.

తల తిప్పి చూశాను. పడుకున్నచోటి నుంచి ఆ పక్క నేలంతా కనిపిస్తుంది. అక్కడ ఎవరి కాళ్లూ లేవు. గుడ్డ పిండుతున్న చప్పుడు వినిపించింది. క్యాబిన్ తుప్పు కన్నంలోంచి నా మోకాలి మీద నీళ్లు పడ్డాయి. చల్లటి నీళ్లు. తర్వాత ఛాతీ మీద బరువు తేలింది, డోరు మూసుకుంది. పొద్దు వాలేలోపు ఇలా మూడుసార్లు జరిగింది.

చివరికి మేకలు తోలుకొస్తున్న ముగ్గురు మనుషులు చూసి, దుంగతో బండి ఎత్తి నన్ను లాగారు. ముందు మా నాయినను చూడండి అన్నాను. ఒకతను డోరు పట్టి గుంజాడు.

"వస్తలేదన్నా. లోపట గడియ పెట్టుకున్నడా ముసలాయన?"

ఎత్తి లాగమని చెప్పాను. ఇద్దరు కలిస్తే గానీ రాలేదు. నాయిన కళ్లు తెరిచే ఉన్నాడు. తల తడి, అంగీ తడి, పెదవులు తడి. నెత్తి మీద తడి తువ్వాలు నీటుగా మడిచి ఉంది. మీరు నీళ్లు పోశారా అని అడిగాను.

"మేమెక్కడ పోసినం? గిప్పుడే గద వచ్చింది" అన్నాడు అతను. క్యాన్ ఎండిపోయి, పడినచోటే ఉంది.

నాకు రెండు పక్కటెముకలు విరిగాయి. తర్వాత రేడియేటర్ విప్పితే లోపలంతా పసుపుపచ్చ మడ్డి. బండి ఎందుకు వేడెక్కిందో తెలిసింది. దెబ్బకు మైకంలో ఏదో ఊహించుకున్నావని డాక్టర్ అన్నాడు. మైకం నాది సరే, తడిసింది ఆయన అంగీ కదా.

కట్లు విప్పాక ఒకరోజు నీళ్లు పడుతూ అడిగాను. "నాయినా, ఆ దినం నీకు నీళ్లు తాపిందెవరు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తి, వేలు నా ఛాతీ మీద పెట్టాడు.

నేను బండి కింద ఉన్నా కదా అన్నాను. తల అడ్డంగా ఊపి, మళ్లీ నన్నే పొడిచి చూపించాడు. ఆయన ఇంకో రెండేళ్లు బతికాడు. ఎన్నిసార్లు అడిగినా అదే వేలు, అదే చోటు. ఆఖరిసారి కోపమొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇక అడగడం మానేశాను.

ముప్పై ఏళ్లు బండ్లలో లోపాలు వెతికి పట్టినవాణ్ని, దీనికి మాత్రం ఇప్పటికీ కారణం దొరకలేదు. ఆ మధ్యాహ్నం నేను మా నాయిన దగ్గరికి పోలేకపోయాను. ఆయన మాత్రం నేను వచ్చానని నమ్మే పోయాడు.