నిద్ర చాతకాని వంశం

మా వంశంలో నిద్ర ఒక తప్పుడు పని. సత్తెనపల్లి పక్కన మా ఊరికి పెళ్లికొడుకుని చూడ్డానికి వచ్చేవాళ్లు పొలం ఎంతని అడిగాక, పొద్దున్నే లేస్తాడా అని కూడా అడుగుతారు. "అసలు పడుకుంటే కదండీ!" అంటారు మావాళ్లు, అదేదో పెద్ద డిగ్రీ అయినట్టు.

ఈ గొప్పలో మా బాబాయిని మించినవాడు లేడు. మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజుల్లో సరే, కాపలా కాయాలి, మంచు పడితే పట్టాలు కప్పాలి. కాయలు కోల్డ్ స్టోరేజీకి చేరాక కూడా కోడికంటే ముందే లేచి, చేసే పనేమీ లేక, మూసి ఉన్న టీకొట్టు ముందు కూర్చునేవాడు. అక్కడ ఆయనలాంటి ఘనులే ఇంకొందరు. ఎవరు తక్కువ పడుకున్నారో వాళ్లకు రోజూ పోటీ.

బీపీ ఎక్కువైందని, పిన్నిని కూడా వెంటబెట్టుకుని, ఆయన్ని నేనే గుంటూరు తీసుకెళ్లాను. ఎంతసేపు నిద్రపోతారని డాక్టరమ్మ అడిగితే, బాబాయి నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. "అయ్యో, ఆయనకి నిద్రనేదే లేదండీ! కునుకు తీస్తే అదే ఎక్కువ." సంబంధం మాట్లాడడానికి వచ్చినట్టే చెప్పింది. ఏళ్ల తరబడి నిద్ర చాలకపోతే గుండెకూ మెదడుకూ ముప్పనీ, రోజూ ఏడు గంటలైనా పడుకోమనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మరీ ఎక్కువసేపు నిద్రపోతున్నా చూపించుకోవాలనీ, అది లోపలి జబ్బుకు గుర్తు కావచ్చనీ అంది.

ఆ చివరి ముక్క ఒక్కటి పట్టుకొచ్చాడు మహానుభావుడు. "ఒరేయ్, ఎక్కువ పడుకుంటే పోతారంటరా! గుంటూరు డాక్టరే చెప్పింది" అని మర్నాడు టీకొట్టు దగ్గర చాటింపు వేశాడు.

ఆ ఏడు పత్తితీతలప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. నిద్రలేకే వచ్చిందని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. మళ్లీ వస్తే మనిషి దక్కడనీ, మందులతో పాటు కంటినిండా నిద్ర ఉండాలనీ మాత్రం గట్టిగా చెప్పి పంపారు.

ఇంట్లో జరిగింది వేరు. పలకరింపుకి ఎవరు గుమ్మం తొక్కినా పిన్ని ఆయన్ని తట్టి లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టేది. "పడుకోలేదండీ, ఇప్పుడే కాస్త నడుం వాల్చారు." ఆయన వంకరపోయిన మూతితో నవ్వబోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. మొగుడు పోయినా సరే, పరువు దక్కాలి!

ఒకరోజు మధ్యాహ్నం టీకొట్టు ఘనులంతా వచ్చారు. పిన్ని ఆయన భుజం మీద చెయ్యి వేయబోతే పట్టుకుని ఆపాను. వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"బాబాయి నిద్రపోతున్నాడు" అన్నాను, వీధంతా వినపడేలా.

"ఈ వేళప్పుడా? ఎప్పుడు లేస్తాడమ్మా?"

"మెలకువ వచ్చినప్పుడు."

పిన్ని చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన పడిపోయిన రోజున కూడా అంత ఏడవలేదు.