ఏడుపు గడిలో పెట్టిన టిక్కులు

నేనావత్ వందన తాను సైకాలజిస్టునని పరిచయం చేసుకునేటప్పుడు గొంతు కాస్త తగ్గించేది. తగ్గించి మాట్లాడితే జనం నమ్ముతారని కాలేజీలో ఎవరో చెప్పారు. ఎమ్మెస్సీ పూర్తిచేసి, జూబ్లీహిల్స్‌లోని ఓ మానసిక ఆరోగ్య కేంద్రంలో జూనియర్ కౌన్సెలరుగా చేరి అప్పటికి రెండేళ్లు. ఇల్లు కూతవేటు దూరంలోనే, ఫిల్మ్‌నగర్ గుట్ట దిగువన ఉన్న బస్తీలో. నడిస్తే పది నిమిషాలు. కానీ దుమ్ము కొట్టుకున్న చెప్పులతో బస్తీ వైపు నుంచి తేలడం ఆమెకు నామోషీ. అందుకని షేర్ ఆటో ఎక్కి, పెద్దరోడ్డంతా చుట్టి, పైనుంచి దిగి వచ్చేది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఆమెకు మేనమామ వరస. రోజూ ఆయన "నమస్తే మేడం" అనేవాడు, ఈమె తలూపేది. ఆ నాటకం ఇద్దరికీ బాగానే అలవాటైంది.

బల్ల మీది పేరు పలకలో 'ఎన్. వందన' అని ఉండేది. పక్కనున్న కొండకు బంజారాల పేరు పెట్టి ఊరంతా గొప్పగా పిలుచుకుంటుంటే, అదే జాతిలో పుట్టిన ఈ పిల్ల మాత్రం ఇంటిపేరును ఒక్క అక్షరంలో కుక్కి దాచుకుంది. తర్వాత తర్వాత ఆమె ఈ సంగతి తలుచుకుని తనను తానే వెక్కిరించుకునేది. అప్పట్లో మాత్రం అది తెలివి అనుకుంది.

వాళ్లమ్మ హస్లీబాయి బస్తీ చివరి రేకుల షెడ్డులో కుట్టుపని చేసేది. సినిమా దుస్తులకు అద్దాలు, గవ్వలు కుట్టే పని. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్లు ఇరవై ఇద్దరు అక్కడ గుండ్రంగా కూర్చుని కుట్టేవారు. ఆ షెడ్డు ఓ ట్రస్టుది. దాన్ని నడిపేది లీలాకుమారి గారు. కోస్తా నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్లు సినిమాలకు దుస్తులు తయారుచేయించి, ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో స్థిరపడిన పెద్దావిడ.

ఆ షెడ్డులో ఓ ఆచారం ఉంది. తండాకు పోయి చాలా రోజులకు ఎవరైనా తిరిగొస్తే, సూదులు పక్కన పెట్టి ఆమెను కావలించుకుని, రాగం తీసి ఏడుస్తారు. ఎవరు పోయారు, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరి ఎడ్లు అమ్ముడుపోయాయి, అన్నీ ఆ ఏడుపులోనే పాటగా వస్తాయి. పెళ్లికూతురిని సాగనంపేటప్పుడూ, చావు దగ్గరా అంతే. దాన్ని ఢావ్లో అంటారు. అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, చాయ్ తాగి, మళ్లీ సూది అందుకుంటారు. వందన పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ వింటున్నదే.

ఒకరోజు లీలాకుమారి గారి ట్రస్టు, గిరిజన మహిళల మానసిక ఆరోగ్యం మీద సర్వే చేయమని వందన పనిచేసే కేంద్రాన్ని అడిగింది. కేంద్రం పెద్ద డాక్టర్ సూర్యప్రకాశరావు గారు వందనను పిలిచి, మీవాళ్లే కదా, నువ్వే వెళ్లు అన్నారు. రెండేళ్లలో ఆయన ఆమె ఎవరి తాలూకో పట్టించుకోవడం అదే మొదటిసారి. చేతికి ఇరవై ప్రశ్నల ఫారం ఇచ్చారు. నిద్ర పట్టడం లేదా, ఆకలి లేదా, భయమా, నిస్పృహా, ఏడుపా. మనిషిలో ఏం చెడిందో వెతకడానికి ఇరవై గడులున్నాయి, ఏం బాగుందో అడగడానికి ఒక్కటీ లేదు. వందనకు అది లోపమని తోచలేదు. ఫారం మీద విశ్వవిద్యాలయం ముద్ర ఉంది, ఆమెకు అంతే చాలు.

పద్నాలుగో ప్రశ్న దగ్గర తమాషా జరిగింది. గత పదిహేను రోజుల్లో ఎన్నిసార్లు ఏడ్చారు? డెబ్బై ఏళ్ల సక్రీబాయిని మొదట అడిగింది. ఢావ్లో ఎత్తుకుంటే చుట్టుపక్కల తండాల్లో ఆమెకు సాటి లేదని పేరు. ముసలమ్మ నడుం నిటారుగా పెట్టి, పన్నెండుసార్లని చెప్పింది, తక్కువ రాస్తే ఊరుకోనని కూడా చెప్పింది. ఆ మాట విన్న మిగతావాళ్లు ఎందుకు తగ్గుతారు? తొమ్మిది, పది, పదకొండు అంటూ పోయారు. ఎనిమిదని చెప్పిన హస్లీబాయి, సక్రీబాయికి పన్నెండు రాశారని తెలిసి కూతుర్ని వెనక్కి పిలిచి, పదమూడని దిద్దించింది. వందన బుద్ధిగా రబ్బరుతో చెరిపి పదమూడు వేసింది. ప్రతి ఫారంలోనూ 'తీవ్రం' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఇది రోగం కాదని లోపల ఎవరో గొణిగారు. ఆ గొణుగుడిని ఎక్కడ రాయాలో ఫారంలో చోటు కనిపించలేదు.

చివరికి జమ్నీ వంతు వచ్చింది. ముప్ఫై ఏళ్ల మనిషి, గుంపు నడిమధ్యన కూర్చుని ఉంది. ఏడుపు? ఒక్కసారి కూడా లేదంది. నిద్ర? పడుకుంటున్నానంది. తిండి? తింటున్నానంది. హమ్మయ్య, ఒక్కరైనా బాగున్నారని వందన సంబరపడి 'సమస్య లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది.

ఇరవై ఇద్దరిలో ఇరవై ఒక్కరికి తీవ్రమైన కుంగుబాటు. అంత పెద్ద అంకె చూసి సూర్యప్రకాశరావు గారి కళ్లు మెరిశాయి. రిపోర్టులో 'ఒకరి నుంచి ఒకరికి అంటుకునే సామూహిక విషాదం' అన్న మాట వందనే కనిపెట్టింది. దాన్ని అద్దం ముందు రెండుసార్లు చదువుకుంది కూడా. మందు కూడా ఆ మాటలోంచే పుట్టింది. ఆడవాళ్లను విడదీయాలి. ఎవరి పని వాళ్లు ఇంటికి తీసుకెళ్లి కుట్టుకోవాలి. షెడ్డు ఖాళీ చేసి కౌన్సెలింగ్ సెంటర్ పెట్టాలి. దానికి ఇన్‌ఛార్జి వందన. ట్రస్టు వారంలో సరేనంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అమలు.

ఇన్‌ఛార్జి అన్న మాట విని ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. కిలో మిఠాయి కొనుక్కుని షెడ్డుకు పోయింది. అందరూ తిన్నారు, తలా ఒక దీవెన ఇచ్చారు. అప్పుడు విషయం చెప్పింది. సక్రీబాయి, మరి ఏడవాలంటే ఎక్కడికి పోవాలని అడిగింది. వందన ఓపిగ్గా వివరించింది. ఒక్కొక్కరు టైము తీసుకుని గదిలోకి రావచ్చు. నలభై ఐదు నిమిషాలు. ఏసీ ఉంటుంది, కళ్లు తుడుచుకోవడానికి కాగితాలుంటాయి, ఎవరికీ వినపడదు.

"ఎవలకు ఇనపడకుంట ఏడ్సుడేంది బేటీ?" అంది సక్రీబాయి. ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఒక్కదాన్నే ఏడిస్తే అది దుఃఖం. నలుగురం గల్సి ఏడిస్తే అది ముచ్చట. గీ మాత్రం నీ సదువుల జెప్పలేదా?"

హస్లీబాయి కూతురి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. మిఠాయి డబ్బా ఇంకా వందన చేతిలోనే ఉంది.

"జమ్నీని నడుమ ఎందుకు గూసోబెట్టినమో ఎరికేనా నీకు?"

ఎరిక లేదు. బస్తీ కబుర్లు చెవిన వేసుకోవడం ఆమె ఎప్పుడో మానేసింది. తల్లి చెప్పుకొచ్చింది. జమ్నీ మొగుడు లచ్చిరాం షూటింగుల్లో సామాన్లు మోసేవాడు. ఐదు నెలల కిందట కామెర్లతో పోయాడు. శవం దగ్గర కూడా జమ్నీ కంట చుక్క రాలేదు, నోట మాట రాలేదు. అడిగిందానికి ఒక ముక్క జవాబిస్తుంది, అంతే. తింటున్నానంటుంది, పక్కనున్నవాళ్లు నోట్లో పెడితేనే తింటుంది. పడుకుంటున్నానంటుంది, కళ్లు తెరిచే పడుకుంటుంది. ఆ సంగతి హస్లీబాయికి తెలుసు, ఎందుకంటే వంతులవారీగా ఎవరో ఒకరు పోయి ఆమె పక్కన పడుకుంటున్నారు. రోజూ మధ్యాహ్నం ఒకరు జమ్నీని పొదివి పట్టుకుని, ఆమె బదులు లచ్చిరాం పేరు చెప్పి ఏడుస్తారు. ఏదో ఒకరోజు తానే అందుకుంటుందని వాళ్ల ఆశ.

"దవాఖాన వద్దంటలేం," అంది హస్లీబాయి. "గాడికి గూడ నలుగురం గల్సే పోతం. గని గీ షెడ్డు తీసేస్తే ఆమె ఇంట్ల ఒక్కతే గూసొని కుట్టాలె. ఒక్కతే గూసుంటే ఆమె బతకది బిడ్డా."

వందన అక్కడే అరుగు మీద కూర్చుంది. ఇరవై ఇద్దరిలో రోగి ఒక్కతే, ఆ ఒక్కదానికీ తాను ఆరోగ్యపు పట్టా రాసిచ్చింది. మిగతా ఇరవై ఒక్కరూ ఆ రోగికి వైద్యులు, వాళ్లందరినీ రోగులని రాసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, ఆమెకు మతితో పాటు చిన్నప్పటి నుంచి విన్న రాగం కూడా పోయింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. తల్లి చూడకుండా ముఖం తిప్పుకుని, రహస్యంగా, తన సిలబస్‌లో చెప్పినట్టే ఏడ్చింది.

ఇంత తెలిశాక వెంటనే పరుగెత్తి రిపోర్టు చించేసిందని రాస్తే బాగుండేది. అలా జరగలేదు. రెండు రోజులు ఊగిసలాడింది. ఇన్‌ఛార్జి పదవి సంగతి అప్పటికే బంధువులందరికీ చెప్పేసింది. బోర్డు ఎక్కడ తగిలించాలో గోడ కూడా కొలిచి పెట్టుకుంది. మూడో రోజు పొద్దున్నే ఓ తెల్లకాగితం మీద మూడే ప్రశ్నలు రాసుకుని షెడ్డుకు వెళ్లింది. నీకు బాగోలేదని అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది? అప్పుడు వాళ్లేం చేస్తారు? ఇంకొకరికి బాగోలేనప్పుడు నువ్వేం చేస్తావు? ఈసారి పోటీలు లేవు. ఒక్కొక్కరూ పని చేసుకుంటూనే గంటలు గంటలు చెప్పారు. ఇరవై ఒక్క జవాబుల్లోనూ జమ్నీ పేరు వచ్చింది. మొదటి ప్రశ్నకు జమ్నీ చుట్టూ చూసి, "వీళ్లకు" అంది. మిగతా రెండింటికీ ఏమీ చెప్పలేదు.

సూర్యప్రకాశరావు గారు విని, రిపోర్టు అచ్చయిపోయిందని, కావాలంటే ట్రస్టు మీటింగులో నువ్వే చెప్పుకోమని, ఆ తర్వాత ఇన్‌ఛార్జి ఆశ మాత్రం పెట్టుకోవద్దని అన్నారు. మీటింగు లీలాకుమారి గారింట్లో. వందన అలవాటు ప్రకారం గొంతు తగ్గించి మొదలుపెట్టింది. ఎవరికీ వినపడలేదు. గట్టిగా చెప్పమ్మా అన్నారు లీలాకుమారి గారు.

"నా రిపోర్టు తప్పండి," అంది వందన, ఈసారి వాకిలి దాకా వినపడేలా. "వాళ్ల ఏడుపు జబ్బు కాదు. జబ్బు పడ్డ మనిషిని వాళ్లు దాంతోనే నిలబెడుతున్నారు. షెడ్డు తీసేస్తే ఆ మనిషి మనకు దక్కదండి. నా పేరు నేనావత్ వందన, నేనూ లంబాడీ పిల్లనే. ఆ ఏడుపు ఏంటో నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు."

"తెలిసీ అలా ఎందుకు రాశావమ్మా?" అని అడిగారు లీలాకుమారి గారు.

"ఫారంలో దానికి గడి లేదండి. గడి లేని మాట రాస్తే నన్ను చదువుకున్నదాన్ని అనుకోరని భయపడ్డాను."

ముప్ఫై ఏళ్లు ఆ షెడ్డు బయట కారాపి, ఏడుపు వినపడితే అద్దాలెత్తుకున్న మనిషినే కదా నేనూ అన్నారు ఆవిడ. షెడ్డు జోలికి వెళ్లొద్దని చెప్పారు. ఈ అమ్మాయిని వారానికి రెండు రోజులు అక్కడ కూర్చోనివ్వండి, ఇన్‌ఛార్జిగా కాదు, ఊరికే అని డాక్టరు గారికి చెప్పారు. తిరుగు ప్రయాణంలో సూర్యప్రకాశరావు గారు కారులో ఒకే ఒక్క మాటన్నారు. నలుగురిలో మనల్ని మనమే తిట్టుకోవడం ఏ సిలబస్‌లో ఉందో తనకు తెలియదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం వందన షెడ్డులో అడుగుపెట్టేసరికి పంచాయితీ సిద్ధంగా ఉంది. తప్పు చేసినవాళ్లకు తండాలో దండుగ వేస్తారు. సక్రీబాయి నాయకురాలై తీర్పు చెప్పింది. ఈ రోజు జమ్నీ దగ్గర ఏడ్చే వంతు వందనది. ఇది తనకు రాదని వందన మొత్తుకుంది. ఇరవై ఒక్కమందిని ఏడుపుగొట్టువాళ్లని రాసినదానివి, ఒక్కసారి ఏడవడానికేం అన్నారు.

జమ్నీని పట్టుకుని కూర్చుంది. 'ఓ వీరా' అని మొదలుపెట్టింది. వాళ్ల భాషలో వీరా అంటే అన్న. రెండో మాటకు గొంతు రిపోర్టు చదువుతున్నట్టు వచ్చింది. రాగం తీయబోతే, మూడు నెలలుగా ప్రతి ఆటోలోనూ మోగుతున్న ఓ సినిమా పాట పల్లవిలోకి జారిపోయింది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హస్లీబాయి నవ్వాపుకోలేక అటు తిరిగి కూర్చుంది. వందన చెమటలు కక్కుతూ మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అదే పాటలో పడింది.

"గట్ల గాదు చెల్లె."

ఎవరన్నారో ముందు ఎవరికీ అర్థం కాలేదు. వందన భుజం మీద తల పెట్టుకున్న జమ్నీ, అద్దాలు కుట్టడం నేర్పుతున్నంత మామూలుగా అంది. "ముందుగాల పేరనాలె. ఎనుక రాగం గుంజాలె. ఇను."

లచ్చిరాం పేరు చెప్పి, రాగం అందుకుంది. ఒక్క ముక్క చూపించి ఆపుదామనే మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. ఐదు నెలల మాటలు ఒకదాని వెనక ఒకటి రాసాగాయి. కామెర్లు, బస్సు ఛార్జీలు, ఆయన విడిచిన చొక్కా, వండి పెట్టిన కూర. జమ్నీ కళ్లు తుడవబోయిన వందన చేతిని సక్రీబాయి పట్టుకుని పక్కకు తీసింది. తర్వాత సక్రీబాయి గొంతు కలిపింది, హస్లీబాయి కలిపింది, ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. వందన అందరికంటే వెనకబడి, శ్రుతి అందక, తప్పుతూనే వాళ్లతో కలిసి ఏడ్చింది.