ముగ్గురికీ ఒకేసారి సెలవు: ఉప్పల్ నుంచి కాప్రా చెరువు దాకా

ఉప్పల్, నాచారం వైపు కాలినడకన తిరగడానికి ఏముందని మీరు అడగొచ్చు. చార్మినార్ లేదు, గోల్కొండ లేదు, ఫొటో తీసి పది మందికి చూపించేంత గొప్ప కట్టడం ఒక్కటీ లేదు. మేం వెళ్లింది చూడ్డానికి కాదు. నేను, శ్రీశైలం, నర్సింహన్న నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టులం. మూడు షిఫ్టులకు ముగ్గురమే. ఒకరు వస్తేనే ఇంకొకరు సీటు వదలాలి. ఒకరికి వీక్లీ ఆఫ్ వస్తే మిగతా ఇద్దరం పన్నెండేసి గంటలు లాగాలి. అందువల్ల నాలుగేళ్ల మా స్నేహమంతా షిఫ్టు మారే ఆ పది నిమిషాల్లోనే సాగింది. ఒకడు ఏప్రాన్ విప్పుతూ, ఇంకొకడు తొడుక్కుంటూ చెప్పుకున్న కబుర్లే. ముగ్గురం ఒక్క బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగిన పాపాన పోలేదు.

ఏటా ఎండాకాలంలో బాయిలర్ తనిఖీ కోసం ఫ్యాక్టరీని రెండు రోజులు ఆపుతారు. ఎప్పుడూ ఆ రెండు రోజులూ ఎవరి ఊరికి వాళ్లం పరిగెత్తేవాళ్లం. ఈసారి ఆదివారం పూట ఎవరూ కదలొద్దని నేనే పట్టుబట్టాను. కారణం ఏమిటంటే, శ్రీశైలానికి హిమాచల్‌లోని బద్ది అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. చేరేదీ లేనిదీ మర్నాడే చెప్పాలి. ఒక్కరోజు ముగ్గురం కలిసి తిరిగితే వాడి మనసు మారకపోతుందా అని నా ఆశ.

ఉదయం ఏడింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కలిశాం. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి కాబట్టి నడిచేవాళ్లకు మిగిలింది దుమ్ము, ఇనుప రేకుల పక్కన సన్నటి దారి. చాయ్ ఏడు రూపాయలు, రెండు ఉస్మానియా బిస్కెట్లు దానితోపాటు. శ్రీశైలం ఫోన్ మాట్లాడుతూ పక్కకు వెళ్లాడు. మాలో పెద్దవాడైన నర్సింహన్న నా వైపు వంగాడు.

"తమ్మీ, వాన్ని ఆపుదామనే గదా గింత దూరం నడిపిస్తున్నవ్?"

"నువ్వూ ఒక మాట జెప్పరాదే అన్నా."

"నేనేం జెప్ప. నీ మొకం సూస్తెనే వానికి సమజైతది. ఇగ చాయ్ తాగు, సల్లారుతున్నది."

హబ్సిగూడ వరకు మెయిన్ రోడ్డే. అక్కడ కుడివైపు తిరిగితే నాచారం. నిదానంగా నడిచినా రెండు గంటల్లోపే చేరతారు. పారిశ్రామిక వాడలో రోజూ ఒక మలుపు తిరగ్గానే సాల్వెంట్ రసాయనాల వాసన ముక్కుకు తగిలేది. ఆరోజు లేదు. ఎవరింట్లోనో పచ్చిపులుసు తాలింపు వేస్తున్న వాసన మాత్రం వచ్చింది. మా ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి మూసిన కిటికీల్లో మా ల్యాబు ఏదో వెతుక్కున్నాం. శ్రీశైలం తన ఫోన్‌లో ఒక ఫొటో తీసుకున్నాడు. ఉండేవాడు గేటుకు ఫొటో ఎందుకు తీస్తాడు?

మధ్యాహ్నం భోజనం నాచారంలోనే, లక్ష్మక్క మెస్సులో. ప్లేటు నలభై ఐదు రూపాయలు, రెండోసారి పప్పు అడిగితే కాదనదు. ముగ్గురం ఒకేసారి లోపలికి వెళ్లేసరికి ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏందిరయ్యా, మీ ముగ్గురికి దోస్తానా?"

"నాలుగేండ్ల సంది అక్కా," అన్నాడు శ్రీశైలం.

"ఒక్కనాడన్న కలిసి వస్తిరా? నువ్వు పొద్దుగాల వస్తవ్, గీయన మాపటికి వస్తడు. పాపం, ఎవ్వరు లేనోళ్లు అనుకున్న మిమ్ముల."

నర్సింహన్న పొలమారేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె దృష్టిలో మేం మూడు ఒంటరి ప్లేట్లం.

ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చుని, మూడున్నరకు మల్లాపూర్ మీదుగా నడక మొదలుపెట్టాం. ఏఎస్ రావు నగర్ చేరేసరికి కాళ్లు పీకుతున్నాయి. చెరుకు రసం తాగి, అక్కణ్నుంచి కాప్రా చెరువుకు వెళ్లాం. చెరువు గురించి గొప్పలు చెప్పి మిమ్మల్ని మోసం చేయను. సగం గుర్రపుడెక్క మొక్కలే. కానీ సాయంత్రం గాలి బాగుంటుంది, గట్టు మీద కూర్చోవచ్చు.

అడగాల్సింది అక్కడే అని గొంతు సవరించుకున్నాను. శ్రీశైలమే ముందు అందుకున్నాడు.

"నన్ను ఉండుమని అడుగకురా."

నేను గట్టు మీది గులకరాయి ఒకటి తీసి నీళ్లలోకి విసిరాను.

"నువ్వు అడిగితె ఉంట. అది నాకు ఎర్కనే. అందుకే అడుగకు. ఆడ జనరల్ షిఫ్ట్, రాత్రి డ్యూటీ లేదు. నా బిడ్డకు మూడేండ్లు. నేను ఇంట్ల ఉన్నంతసేపు పండుకునే ఉంటగదా, ఎవలన్న ఇంటికొస్తె, 'సప్పుడు జెయ్యకున్రి, బాపు పండుకుండు' అంటది. గంతే, దానికి నా గురించి ఎర్కున్నది."

నర్సింహన్న నీళ్ల వైపు తల తిప్పుకున్నాడు. పొద్దుటి నుంచి మనసులో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. వాడు ఉండాలని అప్పుడు కోరుకున్నంత బలంగా నేనెప్పుడూ కోరుకోలేదు. చివరికి నోటికొచ్చింది ఇదే: "ఆడ మస్తు చలి ఉంటదంట గదా. స్వెట్టర్ ఉన్నదా నీకు?"

లేదన్నాడు. వెనక్కి ఏఎస్ రావు నగర్ నడిచి బట్టల దుకాణాలు తిరిగాం. మొదటి రెండు చోట్ల మమ్మల్ని పిచ్చోళ్లను చూసినట్టు చూశారు. మూడో దుకాణం ఆయన నుదుటి చెమట తుడుచుకుంటూ, "గీ ఎండలల్ల స్వెట్టర్ ఏందన్నా?" అంటూనే అటక ఎక్కి, పాత సరుకులోంచి ముదురు నీలంది ఒకటి దించాడు. నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది. కొలత సరిపోతుందో లేదో తెలియాలిగా, శ్రీశైలం చొక్కా మీదే తొడుక్కుని ఫ్యాను కింద చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. చేతులు కొంచెం పొట్టి. "మంచిగున్నది," అన్నాను. గుండీలు నేనే పెట్టాను.

వాడు వెళ్లిపోయాడు. వాడి చోట ఇప్పుడు ఇంకొకతను వస్తున్నాడు. మంచివాడే, టైముకు వస్తాడు. అతను రాగానే బ్యాగు తీసుకుని బయటపడతాను. శ్రీశైలం వచ్చినప్పుడైతే, నిద్ర ముంచుకొస్తున్నా ఇంకాసేపు ఉండబుద్ధి అయ్యేది. ఆ ఊళ్లో పొద్దుటిపూట తన బిడ్డను స్కూలు బస్సు ఎక్కించి డ్యూటీకి వెళుతున్నాడట. విన్నప్పుడు సంతోషమే వేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ల్యాబు చాలా పెద్దదిగా కనిపించింది.

ఈ దారిలో నడవాలనుకునేవాళ్లకు ఒకే ఒక్క సలహా. ఆదివారమే వెళ్లండి, లారీలు తక్కువ. అయితే అందరికీ సెలవు కుదిరే ఆదివారం కోసం మాత్రం ఆగకండి. సెలవు దొరకకపోతే జీతం కోయించుకుని అయినా సరే వెళ్లండి.