లకుముకి దూకేలోపు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అనేవారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే చీకటి గది, అదే మాట: "ఊపిరి బిగపట్టండి, కదలకండి." విరిగిన ఎముకలూ నిమ్ము పట్టిన ఊపిరితిత్తులూ చూసి చూసి విసుగెత్తి, యాభై దాటాక ఒక కెమెరా కొనుక్కుంది. ఎగిరే పిట్టల్ని ఫొటో తీయాలని ఆమె కోరిక.

కింది వాటాలో ఫ్యాన్లకూ మోటార్లకూ వైండింగ్ చేసే తమ్ముడు ఆ పొడుగాటి లెన్సును ఎగాదిగా చూశాడు.

"అక్కా, దీంతో పిట్టల్ని తీస్తావా, కాలుస్తావా?"

"ముందు నిన్నే కాలుస్తా, పోరా."

పెళ్లి చేసుకోని అక్క, భార్య పోయిన తమ్ముడు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

ఊరి చివర గోదాములు దాటితే ఒక చిత్తడి నేల ఉంది. డ్యూటీకి ముందు, తెలతెలవారుతుండగా అక్కడి గట్టు మీదికి వెళ్లేది. మొదట్లో ఆమెకు దక్కిందంతా ఖాళీ ఆకాశమే. రోజూ కెమెరాతో అక్కడికి వచ్చే డ్రాయింగ్ మాస్టారు ఆమె అవస్థ చూడలేక దగ్గరికి వచ్చాడు.

"పిట్ట ఎక్కడుందో కాదమ్మా, ఎటు పోతోందో చూడండి. మోచేతులు డొక్కలకు ఆనించుకోండి. చేతులు తిప్పొద్దు, నడుం తిప్పండి. మీట నొక్కాక కూడా తిరగడం ఆపొద్దు."

పట్టు వదలకుండా నేర్చుకుంది. నిదానంగా ఎగిరే కొంగలతో మొదలుపెట్టి, గద్దలకూ నీటికాకులకూ వచ్చింది. రెక్క ఈకలు విడివిడిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఒక కొంగ బొమ్మ పడిన రోజు తమ్ముడు దాన్ని షాపు గోడకు అతికించాడు. వచ్చినవాళ్లందరికీ "మా అక్క తీసింది" అని అడక్కుండానే చెప్పాడు.

ఆ తర్వాత ఆమె మనసు లకుముకిపిట్ట మీద పడింది. అది నీటి పైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, రెప్పపాటులో బాణంలా దూకుతుంది. ఆ నిలబడిన క్షణం కావాలి ఆమెకు.

అప్పటి నుంచే ఫొటోలు చెడిపోవడం మొదలైంది. పిట్ట సగం తెగిపోయేది. ఫోకస్ జారి వెనక ఉన్న రెల్లు మీద కూర్చునేది. చేతికొచ్చిన కొంగలు కూడా మళ్లీ దక్కకుండా పోయాయి. తప్పు లెన్సుదేనని తేల్చుకుంది.

"ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఎవరో," అని తమ్ముడు నవ్వాడు.

కెమెరాలు బాగుచేసే మనిషి లెన్సు విప్పి చూశాడు. వీధిలో పోయే సైకిళ్లను తనే నాలుగు ఫొటోలు తీశాడు. నాలుగూ అద్దంలా వచ్చాయి.

"లెన్సు బానే ఉందమ్మా. ఇప్పుడు మీరు తీయండి."

ఆమె కెమెరా ఎత్తింది. అతను సైకిళ్లను చూడలేదు, ఆమె బొటనవేలినే చూస్తూ ఉండిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి వణుకుతోందమ్మా?"

"ఏంటి వణికేది?" అందామె.

నరాల డాక్టరు ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ఉన్నాడు. వేళ్లు కలిపించి, విడదీయించి, వరండాలో నడిపించి చూశాడు. "మీ దగ్గర దాచేదేముంది అక్కా? ఈ వణుకు జబ్బు మందులతో కొన్నాళ్లు అదుపులో ఉంటుంది. పోయేది మాత్రం కాదు," అన్నాడు. నెల తిరక్కుండా ఆమెను ఎక్స్‌రే గది నుంచి తీసి రిపోర్టులిచ్చే కౌంటరులో కూర్చోబెట్టారు. డాక్టరు చెప్పింది విన్న రోజు తమ్ముడు అన్నం కలుపుకొని అలాగే వదిలేశాడు. మద్దెల సామెత ఇంకెప్పుడూ అతని నోట రాలేదు.

ఒక సెలవు రోజు బలవంతంగా ఆమెను గట్టుకు తీసుకెళ్లాడు. ఎన్నడూ లేనిది, లకుముకి వాళ్లకు ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దగ్గరలో గాలిలో నిలబడింది. ఆమె కెమెరా ఎత్తింది. పిట్ట అద్దంలోకి వచ్చింది, జారిపోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ జారిపోయింది. మోచేతుల్ని డొక్కలకేసి నొక్కిపెట్టినా చెయ్యి మాట వినలేదు.

"ఇటివ్వక్కా, నేను తీస్తా," అని తమ్ముడు కెమెరా అందుకున్నాడు. టకటకా నొక్కాడు. పిట్ట దూకింది, చేపతో లేచి వెళ్లిపోయింది. తెరమీద చూస్తే నీళ్లు, రెల్లు, ఒక మసక మచ్చ.

"నువ్వు తీసి ఏం లాభంరా? నిన్నెవడు తీయమన్నాడు?"

అతను మెడలోంచి పట్టీ తీసి కెమెరాను సంచిలో పెట్టాడు. ఇంటికొచ్చాక ఆమె సంచిని బీరువా పైకి ఎక్కించమంది. మర్నాటి నుంచి తెల్లవారే వేళ కిటికీ తలుపు మూసే ఉంచింది. పిట్టల అరుపులు ఎలాగూ వినబడేవి.

ఒకరోజు పొద్దున్నే కింద డ్రాయింగ్ మాస్టారి గొంతు వినిపించింది. కాసేపటికి తమ్ముడు పైకొచ్చాడు.

"వలస బాతులు దిగాయట. వస్తారేమోనని అడిగారు. ఇంకా లేవలేదని చెప్పాను."

"మంచి పని చేశావు."

ఆమె మంచం మీద కూర్చుని డ్యూటీ కోటు బొత్తాలతో తంటాలు పడుతోంది. అప్పటికి ఒక్కటే పడింది, అదీ తప్పు కన్నంలో. తమ్ముడు కాసేపు గుమ్మంలోనే నిలబడి, తర్వాత వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు. ఆ బొత్తం విప్పి, మొదటి నుంచి ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు వాడి బడి చొక్కాకు బొత్తాలు పెట్టింది ఆమే.

ఆమె కళ్లు మూసుకుంది. అన్నీ అయ్యేవరకూ తెరవలేదు.