ప్రీసెట్ మీద ఎర్ర చుక్క

ఒక మాట చాలా ఏళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. దాన్ని బరువు అనడానికి ఇన్నాళ్ళూ సంకోచించాను. బరువైతే మోసేవాడికి అలసట తెలియాలి కదా. నేను మామూలుగానే నిద్రపోయాను, పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. మనోహర్ పోయాకే అది ఎంత బరువో తెలిసింది. వినవలసిన మనిషి లేడు. అందుకే మీకు చెబుతున్నాను.

మేమిద్దరం వికారాబాద్‌లో ఒకే బడిలో పనిచేశాం. నేను సైన్సు, అతను సోషల్. అతను తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. ఆదివారాలు చర్చిలో అతని ప్రార్థన ముగిసే వేళకు నేను తాండూరు వెళ్ళేవాణ్ణి. వాళ్ళింటి వరండాలో నాపరాళ్ళ మీద కూర్చుని ఇద్దరం ఆంప్లిఫయర్లు తయారుచేసేవాళ్ళం. లెక్కలు నావి, చెయ్యి అతనిది.

కొత్త ఆంప్లిఫయర్‌కు మనోహర్ నేరుగా కరెంటు ఇచ్చేవాడు కాదు. మధ్యలో ఒక బల్బు పెట్టేవాడు. లోపల షార్టు ఉంటే బల్బు వెలుగుతూనే ఉంటుంది, సర్క్యూట్ బతుకుతుంది. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే తర్వాతి పని ప్రీసెట్. స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న భాగం అది. మాటా పాటా లేనప్పుడు కూడా పవర్ ట్రాన్సిస్టర్లలో కొంత కరెంటు పారుతుండాలి. ఎంత పారాలో ప్రీసెట్ నిర్ణయిస్తుంది. తక్కువైతే మెల్లని మాట గరగరమంటుంది. ఎక్కువైతే ట్రాన్సిస్టర్లు వేడెక్కుతాయి, ఆ వేడికి కరెంటు ఇంకా పెరుగుతుంది, చివరికి కాలిపోతాయి. అతను మీటరు చూస్తూ ప్రీసెట్ తిప్పి, మూత వేసి, బాగా వేడెక్కనిచ్చి, మళ్ళీ చూసేవాడు. తృప్తి కలిగాక కూతురి గోళ్ళ రంగు తెచ్చి దాని మీద ఎర్ర చుక్క పెట్టేవాడు. చుక్క పడ్డాక ఇక ముట్టకూడదు. అది మా ఇద్దరి నియమం.

వాళ్ళ చర్చికి ఆంప్లిఫయర్ కావలసి వచ్చింది. దుకాణంలో కొందామన్న పెద్దలను ఒప్పించి, తానే చేసిస్తానన్నాడు. చేశాడు. చుక్క పెట్టి, పాలు తేవడానికి బయటికి వెళ్ళాడు. నేను వాల్యూమ్ తగ్గించి విన్నాను. కొంచెం గరుకు వినిపించింది. నిజంగా వినిపించిందా, లేక ఫిజిక్స్ చదివినవాణ్ణి నేనైతే చెవి మాత్రం అతనికే ఉందని బళ్ళో అందరూ అనడం నాకు నచ్చక, ఏదో ఒక లోపం వినాలనుకుని విన్నానా? చుక్క గీకాను. ప్రీసెట్ కొద్దిగా ఎక్కువకు తిప్పాను. మీటరు పెట్టలేదు. వేడెక్కే దాకా ఆగలేదు. సీసా పక్కనే ఉంది. అదే రంగుతో, అదే చోట, చుక్క మళ్ళీ పెట్టాను.

అతను పాలతో వచ్చాడు. నేను చెప్పలేదు.

ఆ గుడ్ ఫ్రైడేకు నేనూ వెళ్ళాను. ప్రార్థన మధ్యాహ్నమంతా సాగుతుంది. తాండూరు ఎండ, రేకుల కప్పు. చూడ్డానికి బాగుండదని ఎవరో ఆంప్లిఫయర్ మీద తెల్లగుడ్డ కప్పారు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోది చదువుతుండగా స్పీకర్లు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయాయి. గుడ్డ కింది నుంచి పొగ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రార్థన మైకు లేకుండానే ముగిసింది. ఆ తర్వాత ఇద్దరం డబ్బాను చర్చి మెట్ల మీదికి తెచ్చాం.

"ఏంది మనోహర్ సారూ, ధూపం గిట్ల మీ డబ్బాలనే పెట్టిన్రా?" అన్నాడు చర్చి పెద్ద ఒకాయన. కొందరు నవ్వారు. మనోహర్ కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళాక మూత విప్పి, లోపలికి వంగి చూశాడు.

"నా చుక్క అట్లనే ఉంది సారూ," అన్నాడు నాతో.

నేను మూత స్క్రూలు ఏరి ఒకచోట పెట్టాను.

"ఎవరు ముట్టలే. అంటే నేనే ఎక్కువ పెట్టిన. కొత్త అద్దాలాయె, మీటరు తప్పు చూసినట్టున్న."

"గుడ్డ కప్పిన్రు కదా. గాలాడలే," అన్నాను.

"గుడ్డకే కాలుతదా? చిన్నపోరన్ని ఊకబెట్టినట్టు నన్ను ఊకబెట్టకు. జర ఆ స్క్రూడ్రైవర్ ఇయ్యి."

ఇచ్చాను. నేను వాడింది కూడా అదే.

చర్చివాళ్ళు దుకాణంలో కొన్నారు. మనోహర్ మళ్ళీ ఏదీ తయారుచేయలేదు. ఇంట్లో ప్లగ్గు మార్చాలన్నా మనిషిని పిలిచేవాడు. బళ్ళో మార్కులు కూడినా, ఒకసారి చూడమని కాగితం నా ముందు పెట్టేవాడు. నేను చూసి, సరిగ్గానే ఉందనేవాణ్ణి. ఆ మాట అనడం నాకు సులువుగానే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అన్నిటికన్నా అదే ఎక్కువ ఇబ్బంది పెడుతోంది.

అతనికి తెలిసే ఊరుకున్నాడేమోనని అప్పుడప్పుడు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు బాగుంటుంది. కానీ తెలిసినవాడు నన్ను అనుమానిస్తాడు. అతను తన చేతిని అనుమానించాడు.

మొన్న వానాకాలంలో మనోహర్ పోయాడు. పలకరించడానికి వెళ్తే, అతని కూతురు కీర్తన బీరువా మీది నుంచి ఆ ఆంప్లిఫయర్ దించింది. పారేయలేదట.

"నా చెయ్యి మంచిది కాదు బిడ్డా అంటుండె డాడీ. మీరు దగ్గరుండి చూసిన్రు కదా అంకుల్, నిజమేనా?"

"కాదమ్మా. మంచి చెయ్యి," అన్నాను. మిగతాది చెప్పలేదు. బాగుచేసి తెస్తానని మాత్రం అన్నాను. రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వికారాబాద్ వచ్చాను.

కాలినవన్నీ మార్చాను. ఆ ప్రీసెట్ ఇంకా బాగానే ఉంది. చుక్క గోటితో తాకగానే పెళుసుగా ఊడింది. ప్రీసెట్ వెనక్కి తిప్పాను. బల్బు మధ్యలో పెట్టి కరెంటు ఇచ్చాను. మెరిసి, ఆరింది. మీటరు పెట్టాను, మూత వేశాను, వేడెక్కనిచ్చి మళ్ళీ చూశాను. వాల్యూమ్ బాగా తగ్గించి విన్నాను. గరుకు లేదు. చుక్క మాత్రం పెట్టలేదు.

ఆదివారం తాండూరు వెళ్ళాలి. క్షమించడం కీర్తన చేతిలో లేదు, అడగను కూడా. ఆమెకు చెప్పవలసింది ఇన్నేళ్ళూ చాలా పెద్దదనుకున్నాను. రాసి చూస్తే చిన్న మాటలే. మీ నాన్న సరిగ్గానే పెట్టాడు. తిప్పింది నేను.